గాజు వెనక సిరా

చప్పట్లు కొట్టక తప్పలేదు. హాల్లో ఇరవై మందీ కొడుతుంటే తనొక్కతీ చేతులు కట్టుకుని నిలబడితే బాగుండదని కొలతలమ్మ కూడా కొట్టింది. చేతిలో టీ కప్పు ఉండటంతో ఆ చప్పట్లు సరిగ్గా మోగలేదు సరికదా, టీ ఒలికి ముంజేతి మీద పడింది. చురుక్కుమంది. అందుకే మొహం అలా పెట్టిందనుకున్నారు పక్కవాళ్లు. నిజానికి మంట టీది కాదు, చెవిన పడుతున్న మాటలది.

బల్ల వెనక నిలబడి డైరెక్టరు మాట్లాడుతున్నాడు. వేధశాల పుట్టి యాభై ఏళ్లయినా ఇంతటి రోజు రాలేదట. అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షల కొద్దీ రాళ్లు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయట, వాటిలో ఇంతవరకు ఎవరి కంటా పడని ఒకదాన్ని తాను పట్టుకున్నాడట. దానికి కేంద్ర కార్యాలయం వాళ్లు పోయిన వారమే నంబరు ఇచ్చారట. "నేను కనుక్కున్న ఈ గ్రహశకలానికి," అని కాస్త ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని, "మన చైర్మన్ గారి పేరు పెట్టబోతున్నాం. శనివారం సభ. చైర్మన్ గారు స్వయంగా వస్తున్నారు" అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఈసారి కొలతలమ్మ కప్పుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆ డైరెక్టరు ఆమె పనిచేసే కొలతల గదిలోకి అడుగుపెట్టి మూడేళ్లు దాటింది. అది కూడా ఎలకలు చేరాయని ఆమె గోల చేస్తే వచ్చాడు, ఎలకని చూసి వెళ్లిపోయాడు. కొలిచే యంత్రం మీట ఎటు తిప్పాలో ఆయనకి తెలీదు. గుమ్మటంలో టెలిస్కోపుకి గాజు ప్లేటు తగిలించి గంటసేపు ఆకాశానికి తెరిచి ఉంచుతారనీ, నక్షత్రాలు దాని మీద చుక్కలుగా పడతాయనీ, కదిలేది ఏదైనా ఉంటే అది వెంట్రుక ముక్కంత గీతగా పడుతుందనీ పుస్తకాల్లో చదివి ఉంటాడు. ఆ వెంట్రుక ముక్కని నాలుగు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున కొలతలమ్మ చూసింది. మూడు రోజుల తర్వాత తీసిన ఇంకో ప్లేటు బయటికి లాగి, అదే గీత పక్కకి జరిగి ఉండటం చూసింది. రెండింటినీ ఏడేసి సార్లు కొలిచి, లెక్క కట్టి, చీటీ రాసి పైకి పంపింది. ఆ చీటీయే ఇప్పుడు డైరెక్టరు గారి ఘనకార్యమై కూర్చుంది.

టీలు అయ్యాక ఆయన గదికి రమ్మని పిలుపు వచ్చింది.

"కూర్చోండమ్మా" అన్నాడు. పదిహేడేళ్లలో ఆ గదిలో ఆమెని ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు. "సభలో చదవడానికి దాని గుణగణాలు ఓ అరపేజీ కావాలి. ఘనంగా ఉండాలి. చెప్పండి, ఎలా ఉంటుందది?"

"సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి నాలుగేళ్ల ఏడు నెలలు. తన చుట్టూ తాను తిరగడానికి పదకొండు గంటలు. వెలుగు పెరిగి తగ్గే తీరు చూస్తే గుండ్రంగా లేదు, దుంపలా కోలగా ఉండాలి."

"దుంప అని రాయకండి. ఎంత పెద్దది?"

"నేరుగా తెలీదు సార్. మనకి అందేది వెలుగొక్కటే. రాయి బొగ్గులా నల్లనిదైతే పదకొండు కిలోమీటర్లు. సున్నపురాయిలా తెల్లనిదైతే అయిదు."

"అదేంటి, తెల్లగా ఉంటే చిన్నదైపోతుందా?"

"అంతే వెలుగు రావాలంటే నల్లరాయి పెద్దదై ఉండాలి. తెల్లదైతే చిన్నదైనా చాలు."

డైరెక్టరు కళ్లు మూసుకుని ఆలోచించాడు. "అయితే పదకొండు కిలోమీటర్లు, తెల్లగా ధగధగ మెరుస్తూ అని రాయండి."

"రెండూ ఒకేసారి కుదరవు సార్."

"కుదర్చండమ్మా! చైర్మన్ గారంతటి మనిషిని పట్టుకుని బొగ్గంటామా? పోనీ చిన్నదంటామా?"

కొలతలమ్మ ఆయన మొహం కేసి చూసింది. వేళాకోళం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. బల్ల మీది అద్దం కింద పెట్టిన, కేంద్ర కార్యాలయానికి పంపాల్సిన ఫారం కేసి చూసింది. 'కనుక్కున్నవారు' అన్న గడిలో ఆయన పేరు అప్పుడే పెన్సిలుతో రాసి ఉంది.

"అది నేను చూశాను సార్" అంది.

"చూశారు, కాదన్నదెవరు? కానీ చూడటం వేరు, కనుక్కోవడం వేరు. మీ పని కొలవడం. బ్రహ్మాండంగా కొలిచారు. కొలతల కాగితం మీద మీ సంతకం ఎలాగూ ఉంటుంది కదా, అది మీకు గౌరవం కాదూ?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. చూసిందీ తనే, కొలిచిందీ తనే, లెక్క కట్టిందీ తనే. ఈయన చేసిందల్లా చీటీ మీద తేదీ ముద్ర కొట్టించడం. "ఆ సంతకం లేకపోతే ఫారం చెల్లదు కదండీ" అంది.

"చెల్లదు. అందుకేగా పిలిచింది."

"పెట్టను సార్" అని లేచింది. తలుపు దాటి వరండాలోకి వచ్చేసింది. తనకి కావలసింది పెద్ద ముచ్చటేమీ కాదు. ఆ గడిలో పేరు ఒకసారి పడితే ఇక చెరగదు. దేశదేశాల జాబితాల్లో, ఆ రాయి తిరిగినంత కాలం ఉంటుంది. జీవితమంతా ఇంకొకరి చుక్కల్ని కొలిచిన మనిషికి ఆ ఒక్క గడీ కావాలి.

*

"ఛీ, వాడి మొహం మండ!" అంది అక్క, చెప్పులు విప్పకముందే సంగతంతా లాగేసి. అక్క ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో, మేడ మీద రెండు గదుల్లో ఉంటారు. "అచ్చం మా పెద్ద డాక్టరే. రాత్రంతా రోగి పక్కన నేను కూర్చుంటే, పొద్దున్నే వచ్చి నాడి పట్టుకుని, బతికించానని ఫొటో దిగేవాడు. నువ్వు గానీ సంతకం పెట్టావంటే వేళ్లు విరగ్గొడతాను, చెబుతున్నా."

"పెట్టనని చెప్పే వచ్చాను."

"నా బంగారు తల్లే! కింద కుట్టుపనామెకి, మందుల షాపాయనకి, అందరికీ చెప్పేశానే. మా చెల్లి చుక్కని కనిపెట్టింది అని."

"చుక్క కాదక్కా, రాయి."

"రాయంటే ఎవరు వింటారే? చుక్కే."

మర్నాడు, మంగళవారం నుంచి రాయబారాలు మొదలయ్యాయి. హెడ్ క్లర్కుని ఆఫీసంతా చాటుగా జిడ్డు అంటారు. ఆయన కొలతల గదికి వచ్చి, కుర్చీని జేబురుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. "మీరు నాకు తల్లిలాంటివారు" అన్నాడు. ఆమె కంటే ఆయన రెండేళ్లు పెద్ద. ఫారం తెరిచి, చూపుడువేలు నాలిక మీద అద్దుకుని పేజీ తిప్పాడు. మళ్లీ అద్దుకున్నాడు, మళ్లీ తిప్పాడు. ఆ తడి మరక కాగితం మూల మీద మెరుస్తుంటే కొలతలమ్మకి ఒళ్లు జలదరించింది. ఆ మూల పట్టుకుని తను సంతకం పెట్టాలి కాబోలు.

"డైరెక్టరు గారి మనసు వెన్న అమ్మా. ఆయన్ని నొప్పిస్తే మనకే పాపం."

"వెన్నయితే ఎండలో పెట్టకండి" అంది, యంత్రం కంటిగొట్టం మీదికి వంగి.

బుధవారం మళ్లీ వచ్చాడు. ఈసారి కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు, ఎలా తెచ్చుకున్నాడో ఏమో. తన ఉద్యోగానికే ఎసరొస్తుందన్నాడు. ఆయన వెళ్లాక ఆమె కిటికీలు రెండూ తెరిచి పెట్టింది. ఆ మాటల వాసన గదిలో ఉండిపోయినట్టనిపించింది.

గురువారం మధ్యాహ్నానికి డైరెక్టరు దిగొచ్చాడు. ఫారం ఆ రోజో మర్నాడో టపాలో పడకపోతే శనివారం సభలో చూపించడానికి రసీదు ఉండదు, రసీదు లేకపోతే చైర్మన్ ముందు నవ్వులపాలు. "సరే, మీరే గెలిచారు" అన్నాడు, చిన్నపిల్లకి బొమ్మ ఇస్తున్నట్టు. "నేను సంతకం చేసి ముద్ర వేసేశాను. కనుక్కున్నవారి గడి ఖాళీగా ఉంచాను. మీ పేరు మీ చేత్తోనే రాసుకోండి. కానీ పేరు పెట్టే హక్కు కనుక్కున్నవాళ్లదే కదా, అక్కడ మాత్రం చైర్మన్ గారిదే పెట్టాలి. సరేనా?"

ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆ రాయికి చైర్మన్ పేరు పెట్టినా, చైర్మన్ గారి కారు పేరు పెట్టినా ఆమె ఒప్పుకునేదే. ఫారం పట్టుకుని మెట్లు దిగుతుంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. గడిలో పేరు తొందరపడి రాయబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి, చేతులు కడుక్కుని, మంచి పెన్నుతో రాయాలనుకుంది.

ఫారం వెనక పక్క ఇంకో సంతకం కావాలని అప్పుడు చూసింది. రెండు ప్లేట్లూ ఏ సమయానికి తెరిచారో, ఏ సమయానికి మూశారో, తీసిన మనిషి ధ్రువీకరించాలి.

*

ఆ ప్లేట్లు తీసేది గుమ్మటం ఆయన. ఇరవై నాలుగేళ్లుగా ఆయన పని అదే: చీకటి పడ్డాక టెలిస్కోపు పక్కన కూర్చుని, ఒక నక్షత్రాన్ని కంటిగొట్టంలోని అడ్డనిలువు దారాల మధ్య కదలకుండా గంట సేపు పట్టుకోవడం, తర్వాత ప్లేటుని మందునీళ్లలో కడిగి ఆరబెట్టడం. ఆయన నాలుగింటికి వస్తాడు, ఆమె నాలుగున్నరకి వెళ్తుంది. పదిహేడేళ్ల నుంచీ మెట్ల మీద ఎదురైతే "వెళ్తున్నారా అమ్మా", "వచ్చారా" తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

నాలుగు దాటాక ఆమె వెళ్లేసరికి గుమ్మటం కింది గదిలో ప్లేటు బిగించే చట్రాన్ని ఒళ్లో పెట్టుకుని, మెత్తటి బట్టతో దాని అంచుల్లో దుమ్ము తీస్తున్నాడు. గోరుతో గీరడు, నోటితో ఊదడు; బట్ట కొసని మెలిపెట్టి మూలల్లోకి దూర్చి, నెమ్మదిగా బయటికి లాగుతున్నాడు.

"రండమ్మా, రండి! కింద అందరూ అనుకుంటున్నారు. మీ పేరు వేస్తున్నారటగా. ఇన్నాళ్లకి ఓ మంచి పని జరిగింది ఇక్కడ."

ఆ మాట మనసులోంచి వచ్చిందే. జిడ్డు మాటలు విన్న చెవులకి చల్లగా అనిపించింది. ఆమె ఫారం ఇచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, దారానికి వేలాడుతున్న కళ్లద్దాలు పెట్టుకుని, తన రోజువారీ పుస్తకంలో సమయాలతో పోల్చి చూసి, ఒక్కో అక్షరం పేర్చినట్టు సంతకం పెట్టాడు.

"ఇది కొత్తదేనని నాకు కడిగినప్పుడే అనిపించిందమ్మా. అందుకే రెండింటి మీదా గుర్తు కాస్త లావుగా పెట్టాను."

"ఏం గుర్తు?"

"అదేనమ్మా, ఆకుపచ్చ సిరాతో. గాజు వెనక వైపు. ఆరబెట్టాక భూతద్దంతో ఓసారి చూస్తాను కదా, గీత కనిపించిన చోట సున్నా చుడతాను. మీకు ముందు ఆ గదిలో ఉన్నాయన చెప్పాడు, నీకేదైనా కదిలినట్టు కనిపిస్తే సున్నా చుట్టి పంపు, పాతదో కొత్తదో మేం తేల్చుకుంటాం అని. అప్పట్నుంచీ అలవాటైపోయింది." పుస్తకం మూశాడు. "ఇన్నేళ్లలో పెట్టినవన్నీ పాతవేనని తేల్చేశారు కదా మీరు. పోనీలెండి. ఒక్కటైనా కొత్తది తగిలింది."

కొలతలమ్మ ఫారం తీసుకుంది. "ఆఁ" అంది.

కొలతల గదికి తిరిగొచ్చి తలుపు వేసుకుంది. బల్ల మీద దూది సీసా, స్పిరిటు సీసా పక్కపక్కనే ఉన్నాయి. గోడకి అంటించిన నియమాల్లో మొదటిది: కొలతకి ముందు ప్లేటు గాజు వైపు స్పిరిటుతో శుభ్రంగా తుడవాలి. చుక్కలు పడే మందు పూత ఒక వైపు ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. రెండో వైపు వట్టి గాజు, దాని మీద మరక ఉంటే కొలతకి అడ్డం. ఆమె ఏ రోజూ ఆ నియమం తప్పలేదు. ఏ నక్షత్రాన్ని కొలవమని చీటీ వస్తే ఆ నక్షత్రాన్నే కొలిచేది, ప్లేటులో మిగతా చోట చూసే తీరిక ఎవరికుంది? ఆకుపచ్చ సున్నాలు కనిపించినప్పుడల్లా చిరాకు పడేది. ఈయనకి సిరా ఎక్కువైందా అని తిట్టుకుంటూ తుడిచేది. దూది ఆకుపచ్చగా మారేది, చెత్తబుట్టలో పడేది. ఒకసారి, ప్లేట్ల మీద సిరా మరకలు పడుతున్నాయి, గుమ్మటం వారిని హెచ్చరించగలరు అని పైకి కాగితం కూడా పెట్టింది. చెబుతాం అన్నాడు జిడ్డు. చెప్పలేదు.

ఆ మంగళవారం పొద్దున జరిగింది కూడా ఇప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. తను కొలవాల్సిన నక్షత్రం పక్కనే సున్నా ఉంది. మిగతావాటికంటే లావుగా, మొండిగా ఉంది. ఓ పట్టాన వదలకపోతే దూది నొక్కి రుద్దింది. సిరా పోయాక, సరిగ్గా దాని నడుమ, వెంట్రుక ముక్క. రెండో ప్లేటులోనూ అంతే, సున్నా తుడిచిన చోటే గీత. అబ్బ, ఎంత తేలిగ్గా దొరికిందో అని ఆ రోజు పొంగిపోయింది. తేలిగ్గా దొరకదు మరి? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించినట్టు చూపించాడు ఆ మనిషి.

నాలుగు నెలలుగా ఈ సంగతి తనకి తెలీదా? తెలుసు. తెలిసీ దాని మీద మూత పెట్టింది. ఛీ అనుకుంది, ఈసారి డైరెక్టరుని కాదు.

ఇంటికెళ్లేసరికి అక్క మంచి పెన్ను తీసి, సిరా పోసి, కాగితం మీద గీసి చూసి పెట్టింది. చెల్లెలు చెప్పిందంతా విని, "అయితే ఏంటే?" అంది. "ఆయన ఏదో గీసుకున్నాడు. కొలిచిందెవరు? లెక్క కట్టిందెవరు? ఆయనకి కక్ష్య అంటే ఏంటో తెలుసా?"

"చూసింది ఆయనక్కా. రెండు ప్లేట్లలోనూ."

"చూడటం వేరు, కనుక్కోవడం వేరు."

కొలతలమ్మ గిర్రున తిరిగి అక్క కేసి చూసింది. సోమవారం డైరెక్టరు నోట విన్న మాట, పొల్లు పోకుండా, ఇప్పుడు ఈ వంటింట్లో, వాడి మొహం మండ అన్న నోటితోనే. అక్క పెన్ను మూత తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. "రాసెయ్యవే, మళ్లీ మళ్లీ ఆలోచించకు. వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"రేపు రాస్తాను" అని ఫారం సంచిలో పెట్టేసింది. అన్నం సహించలేదు. ఆకలి లేదంది.

*

శుక్రవారం పొద్దున డైరెక్టరు ఒడ్డూ పొడుగూ చూసుకుంటూ కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఆమె చెప్పింది. దాపరికం లేకుండా, తుడిచిన సంగతితో సహా చెప్పింది. కనుక్కున్నవారి గడిలో గుమ్మటం ఆయన పేరు ముందు, తన పేరు పక్కన రాస్తానంది.

డైరెక్టరు కోటు గుండీలు పెట్టుకోవడం ఆపాడు. కోప్పడతాడనుకుంది. ఆయన నవ్వాడు.

"రెండు పేర్లు రాయొచ్చంటే మూడోది నాదెందుకు ఉండకూడదమ్మా? వేధశాల నడిపేది నేను. పోనీ చైర్మన్ గారిది నాలుగోది. గుమ్మటం తలుపు తీసేవాడిది అయిదోది." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడండి. ఇలాంటివి మనం పట్టించుకోకూడదు. ఆయన అమాయకుడు, అడగడు. తర్వాత ఆయనకి మనమే ఏదో ఒక శాలువా కప్పుదాం. మీ పైన నేను, ఆయన పైన మీరు. ఇంతే, ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. ఇప్పుడు మీకు నా కష్టం అర్థమైందా?"

ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది. స్నేహంగానే పడింది. పదిహేడేళ్లలో ఆయన ఆమెని తనతో కలుపుకుని మాట్లాడటం ఇదే మొదటిసారి. జిడ్డు నాలిక తడి తన ఒంటి మీదే అంటినట్టు వెనక్కి జరిగింది కొలతలమ్మ. తిట్టి ఉంటే ఇంత రోత పుట్టేది కాదు.

"అర్థమైంది సార్" అని బయటికొచ్చింది.

టపా బల్ల వరండా చివర ఉంటుంది. సంచులు పదకొండింటికి వెళ్తాయి. ఆమె నిలబడే, బల్ల మీద దారానికి కట్టిన మామూలు పెన్నుతో, కనుక్కున్నవారి గడిలో గుమ్మటం ఆయన పూర్తి పేరు రాసింది. పేరు పెట్టే హక్కు దగ్గర 'కనుక్కున్నవారు తెలియజేస్తారు' అని రాసింది. కొలతలు చేసినవారు అన్నచోట తన సంతకం పెట్టింది. గుణగణాల కింద, వెడల్పు అయిదు నుంచి పదకొండు కిలోమీటర్లు, ఉపరితలం నల్లదో తెల్లదో ఇంకా తెలియదు అని రాసింది. కార్బను నకలు చింపుకుని, కవరు అంటించి, ముద్ర వేయించి, సంచిలో పడేదాకా కదల్లేదు. పడ్డాక గుండె తేలికైంది. మధ్యాహ్నానికి సంగతి పొక్కింది. డైరెక్టరు గదిలోంచి అరుపులు, జిడ్డు పరుగులు. ఆమెని పిలిచారు. గంట సేపు తిట్టారు. ఆమెకి ఒక్క మాటా అంటలేదు. నాలుగెప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చుంది.

దాచడం దేనికి, గుమ్మటం మెట్లెక్కుతుంటే ఆమెకి ఒక ఆశ ఉంది. ఆయన చేతులు జోడిస్తాడని కాదు గానీ, కళ్లు చెమ్మగిల్లుతాయని, ఎందుకమ్మా ఇదంతా అంటాడని, తను మీ హక్కండీ అంటుందని.

ఆయన నకలుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. రెండోసారి చదివాడు. ఆ గడి దగ్గర వేలు పెట్టి, ఆ అక్షరాలు తనవేనా అన్నట్టు తడిమి చూశాడు. మొహం విప్పారింది. "నాదెందుకమ్మా? తేల్చింది మీరు కదా?"

"నేను తేల్చలేదండీ. మీ సున్నా తుడుస్తుంటే దాని కింద కనిపించింది. మీరు చూపించకపోతే నేను చూసేదాన్ని కాదు."

"తుడుస్తుంటేనా?"

"ఆఁ."

"చూసి తుడుస్తారు కదా?"

ఆమెకి అప్పుడు అర్థమైంది, ఆయన ఏం అడుగుతున్నాడో. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. "కొలతకి ముందు తుడవాలని నియమమండీ. అవి గుర్తులని నాకెవరూ చెప్పలేదు. మరకలనుకున్నాను."

గుమ్మటం ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మబ్బు లేని వారాల్లో రెండు మూడు సున్నాలు పెట్టేవాణ్ని" అన్నాడు, తనలో తను. "మీరొచ్చి ఎన్నేళ్లమ్మా?"

"పదిహేడు."

"పదిహేడేళ్లు." ఆయన పెదవులు కదిలాయి. లెక్క వేస్తున్నాడు. సగంలోనే మానేశాడు.

"ఎక్కడైనా రాసుకున్నారా? వేల ప్లేట్లలో ఏ ప్లేటు, ఏ మూల అని?" అంది ఆమె ఆత్రంగా. "రాసుకుని ఉంటే నేను మళ్లీ తీసి, ఒక్కొక్కటీ కొలిచి, ఎన్నాళ్లయినా సరే..."

"మీకు పంపుతున్నాను కదా, మళ్లీ రాసుకోవడం దేనికి అనుకున్నాను. పాతవే అనుకున్నాను, మీరేమీ చెప్పకపోతే. నాకే సరిగ్గా చూడటం రాదేమో అని కూడా అనుకున్నాను." నకలుని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. జేబులో పెట్టుకోలేదు. "మిగతావన్నీ తుడిచేశారన్నమాట."

"తుడిచేశానండీ."

"ఒక్కటి కూడా చూడకుండా."

ఆమె తలూపింది. క్షమించమని అడుగుదామనుకుంది. ఆ మాట ఇప్పుడు అంటే జిడ్డు కన్నీళ్లలా ఉంటుందని భయం వేసింది. గదిలో మందునీళ్ల పుల్లటి వాసన. పైన గుమ్మటం రేకు ఎండకి కాగి చిటపటమంటోంది. ఆయన లేచి, చట్రం తీసుకుని, కొత్త ప్లేట్ల పెట్టె దగ్గరికి నడిచాడు. పెట్టె మీద చెయ్యి ఆనించి, ఆమె వైపు తిరగకుండానే అన్నాడు.

"ప్లేటు బిగించాలి. కిటికీ మూసి లైటు ఆర్పుతాను. మీరు బయటికి వెళ్లండి."

ఎప్పుడూ మాట చివర ఉండే అమ్మా అన్న పిలుపు లేదు. కొలతలమ్మ సంచి తీసుకుని బయటికి వచ్చింది. వెనక తలుపు మూసుకుంది, లోపల లైటు మీట టక్కుమంది. ఆమె మెట్ల మీద నిలబడి, ఒక మేఘమైనా లేని ఆకాశం చూసి, ఇంటికి బయల్దేరింది.